క్లచ్ పెడల్ మీది కట్టె

పాత ట్రాక్టర్లను, ఆయిల్ ఇంజన్లను బాగుచేసి ప్రదర్శనలో నిలబెట్టే పనిలోకి రావాలనుకునే కుర్రవాళ్లు ఈ మధ్య ముగ్గురు నా దగ్గరకు వచ్చారు. ముగ్గురూ అడిగినవి రెండే ప్రశ్నలు: విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, రంగు ఏది వాడాలి. తెలిసినంత చెప్పి పంపాను. వాళ్లు వెళ్లాక, అడగని సంగతే ముందు చెప్పవలసిందని తోచింది. అందుకే ఈ కాగితాలు.

కోరుట్లలో ట్రాక్టర్ మెకానిక్‌గా పంతొమ్మిదేళ్లు, ఆ తర్వాత జగిత్యాలలో ఏటా జరిగే రైతు ప్రదర్శన కోసం పాత యంత్రాలను బాగుచేస్తూ పదకొండేళ్లు పనిచేశాను. యాభై మూడో ఏట మానుకున్నాను. కుడి చెవి దాదాపు పోయింది. బేరింగ్ చప్పుడుకూ పిస్టన్ చప్పుడుకూ తేడా వినలేని మనిషి ఇంజన్ మీద చెయ్యి వేయకూడదు.

పదకొండేళ్లలో నలభై ఒక్క యంత్రాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఒక్కోదానికి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఏ భాగం విప్పానో, ఏ కొలత ఎంత వచ్చిందో, ఏది తిరిగి బిగించానో అన్నీ ఉంటాయి. నలభై పుస్తకాలను ఎవరు అడిగినా ఇవ్వగలను. ముప్పై ఏడోది మాత్రం ఇవ్వడానికి మనసు రాదు.

ఈ పని ఎలా ఉంటుంది

ప్రదర్శనకు వచ్చినవాళ్లు చూసేది రంగు. మన పనిలో రంగు చివరి నాలుగు రోజులే. మిగిలిన కాలమంతా తుప్పుతో, బిగుసుకుపోయిన నట్లతో, ఎలుకలు కొరికిన వైర్లతో గడుస్తుంది. ఇరవై ఏళ్లు కొట్టంలో పడున్న ఇంజన్‌లో పిస్టన్ సిలిండర్‌కు అంటుకుపోతుంది. సుత్తితో కొడితే పగులుతుంది. డీజిల్, కిరోసిన్ కలిపి పోసి, రోజుకోసారి ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ ఒత్తి చూడాలి. నాకు అతి త్వరగా కదిలింది అయిదో రోజు. అతి ఆలస్యంగా కదిలింది ఇరవై ఏడో రోజు. ఆ ఇరవై ఆరు రోజులూ ఏమీ కాలేదని రాసుకోవడం కూడా పనే.

విప్పిన ప్రతి బోల్టునూ గుడ్డసంచిలో వేసి చీటీ కట్టండి. విప్పకముందు ఫోటో తీయండి. ఇవి ఎవరైనా చెబుతారు. ప్రదర్శన దగ్గరపడితే పై అధికారి రంగు గురించి అడుగుతాడు, ఇంజన్ గురించి అడగడు. ఆ ఒత్తిడికి లొంగి రంగు ముందు వేసిన ప్రతిసారీ నేను మళ్లీ రంగు వేయవలసి వచ్చింది. నాలుగుసార్లు అలా జరిగింది. నాలుగుసార్లూ తప్పు నాదే. వద్దని చెప్పగల వయసు నాకు ఎప్పుడో వచ్చింది.

రేకు ముక్క

నాకు పని నేర్పింది కోరుట్లలో ఖాజా మియా. అందరమూ ఉస్తాద్ అనేవాళ్లం. పనిలో చేరిన రెండో ఏడు, పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే డ్రమ్మును తిప్పే ఒక ఆయిల్ ఇంజన్‌ను నాకు ఒంటరిగా అప్పగించాడు. దాని నాలుగు కాళ్లలో ఒకదాని కింద మడతపెట్టిన రేకు ముక్క ఉంది. ఎవడో చేతగానివాడు పెట్టి ఉంటాడనుకుని తీసి పారేశాను. కాళ్లన్నీ దిమ్మెకు ఆనించి బిగించాను. చూడడానికి చక్కగా ఉంది. మూడో రోజు ఇంజన్ కాలు ఒకటి బోల్టు దగ్గర పగిలింది. ఇంజన్ అడుగు పోత పోసిననాటినుంచీ వంకర. ఆ వంకరను సరిచేస్తున్నదే ఆ రేకు.

ఉస్తాద్ తిట్టలేదు. పారేసిన రేకును మట్టిలో నాతోనే వెతికించాడు. దొరికాక నా చేతిలో పెట్టి అన్నాడు:

"అరే బేటా, గీ ముక్కను ఎవడో ఒకడు పనిబడే పెట్టిండు. గా పనేందో నాకు చెప్పినంకనే దాన్ని ఇప్పు. చెప్పరాలేదా, పోయి చాయ్ తాగి రా. మళ్ల చూడు."

"మళ్ల చూసినా తెల్వకుంటే ఉస్తాద్?"

"ఇంకో చాయ్ తాగు. నీ అయ్య సొమ్మేం పోతది!"

ఈ మాటను నా మొదటి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను. ముప్పై ఏడో పుస్తకంలోనూ మొదటి పేజీలో ఉంది. రాసి ఉన్నంత మాత్రాన మనిషి పాటిస్తాడని కాదు.

బీర్పూర్ నుంచి వచ్చిన ట్రాక్టర్

ముప్పై ఏడోది నీలం రంగు ట్రాక్టర్. బీర్పూర్‌లో ఒక పటేల్ ఇంటిది. ఆ చుట్టుపక్కల ఊళ్లలోకి వచ్చిన మొదటి ట్రాక్టర్లలో అదొకటి. బీర్పూర్, సారంగాపూర్ పొలాలు ఏళ్లపాటు దున్ని, ఆ తర్వాత కొట్టంలో పడి ఉంది. పెద్ద పటేల్ పోయాక, జగిత్యాలలో ఎరువుల దుకాణం నడిపే ఆయన కొడుకు మహేందర్ దాన్ని ప్రదర్శనకు ఇచ్చాడు. చరిత్ర అంతా నేను మహేందర్‌నే అడిగాను. ఆయన ఎప్పుడు కొన్నారో, ఎంత దూరం నుంచి తెచ్చారో చెప్పాడు. ఎవరు తోలారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆ ఏడు ప్రదర్శన బాధ్యత కొత్తగా వచ్చిన ఒక యువ ఇంజనీరుది. చెడ్డవాడు కాదు, కష్టపడేవాడు. ఆ ట్రాక్టర్ తయారైననాటి బొమ్మల పుస్తకం ఒకటి ఎక్కడో సంపాదించి నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఉన్నది ఉండాలి, లేనిది ఉండొద్దు. బహుమతి దానికే" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. కొలతల మనిషిని. కొలతకు ఒక పుస్తకం దొరికిందని సంతోషించాను.

పుస్తకంలో లేనివి పదకొండు దొరికాయి. వేరే ట్రాక్టర్ దీపం, సైకిల్ గంట, సీటు కింద అతికిన ఇనుప పట్టీ, అలాంటివి. ఏడోది క్లచ్ పెడల్ మీద రెండు బోల్టులతో బిగించిన కట్టె. రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి చేసింది. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, చూసినవాళ్లు ఆ కట్టెను పోల్చుకుంటారు. మగ్గంలో పేక నూలు మోసే నాడెను అటూ ఇటూ కొట్టే కర్ర. అంత గట్టి కట్టె ఇంకొకటి ఉండదు. పైభాగం మధ్యలో నున్నగా గుంటపడి ఉంది. పాదం గుంట. నా బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాను కూడా.

చూసి, విప్పాను. నా నోటుబుక్కులో రాసిన వాక్యం ఇది: "ఏడు. పెడల్ మీది కట్టె. అసలుది కాదు. తొలగించితిని." ఆ రోజు చాయ్ తాగడానికి కూడా లేవలేదు.

మిగతా పది వస్తువులనూ ఒక డబ్బాలో వేసి మహేందర్‌కు తిరిగి పంపాను. కట్టెను పంపలేదు. ఇరవై ఆరో రోజున ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల చక్రాన్ని తొడగవలసి వచ్చింది. దాన్ని వేడిచేస్తే వ్యాకోచించి కూర్చుంటుంది. షెడ్డు వెనక కట్టెలతో మంట పెట్టాం. మంట చాలలేదు. ఆ కట్టెను తీసుకువచ్చి మంటలో వేసింది నేనే. చాలాసేపు కాలింది.

గుమ్మం దగ్గర

ట్రాక్టర్‌ను మొదట తోలిన మనిషి బీర్పూర్‌లోనే ఉన్నాడని ఇంజనీరు కనుక్కున్నాడు. పేరు లచ్చయ్య. భూమి లేని కుటుంబం. అప్పటికి డెబ్బైకి దగ్గర. ప్రారంభం రోజున అతనితోనే మైదానం చుట్టూ తోలిద్దామని ఇంజనీరు పట్టుపట్టాడు. అది మంచి ఆలోచనే.

నలభై నాలుగో రోజున లచ్చయ్య షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రంగు తడిగా ఉంది. ముట్టుకోవద్దని చెప్పాను. అతను లోపలికి రాలేదు. కుడివైపు నుంచి చూశాడు. క్లచ్ పెడల్ ఎడమవైపు ఉంటుంది.

"నేనే తోలుతనట గద సారూ?"

"మీరే. భయమేమీ లేదు కదా?"

"బయమా? నిద్రల లేపి ఎక్కియ్యి, తోలుత. క్లచ్చి జర గట్టిగుంటది, నాకెరుకే."

"కొత్త ప్లేటు వేశాను. ఇప్పుడు మెత్తగా ఉంది."

అతను తల ఊపాడు. వెళ్లబోతూ ఆగి, నవ్వుతూ చెప్పాడు:

"మా బిడ్డె సుజాత సిరిసిల్లల ఉంటది సారూ, సాంచలకు కండెలు సుడుతది. అల్లుడు, పిల్లలు, మా ఇయ్యపురాలు అందరు అస్తున్నరు. గా ఇయ్యపురాలు పదిహేనేండ్ల సంది నవ్వుడే నవ్వుడు. 'మీ నాయిన కుంటి కాలుతోని ట్రాక్టర్ తోలిండా? ఇమానం గూడ తోలిండేమో అడుగు' అంటదట మా బిడ్డెను. గీసారి కండ్లార సూడనీ."

నేనూ నవ్వాను. అతను ఎడమ కాలు ఈడుస్తూ వెళ్లడం చూశాను. ఆ కాలును, ఆ కట్టెను కలిపి ఆలోచించలేదు. సాయంత్రం పుస్తకంలో "డ్రైవర్ వచ్చి చూచి వెళ్లెను" అని రాశాను.

మైదానం

ప్రారంభం రోజు ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. చప్పుడులో ఎక్కడా తేడా లేదు. అప్పటికి నా చెవి ఇంకా బాగానే ఉంది. మైకు పట్టుకున్నతను, "ట్రాక్టర్ అసలుది! దాన్ని తోలే డ్రైవర్ కూడా అసలోడే! కొట్టుండ్రి చప్పట్లు!" అని అరిచాడు.

లచ్చయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పులు విడిచి, తువ్వాలతో పాదాలు తుడుచుకుని ఎక్కాడు. కుడి కాలు బ్రేకు దగ్గర పెట్టాడు. ఎడమ కాలు చాచాడు. అది పెడల్‌కు పైన గాలిలో ఆగింది. ఒకసారి కిందికి వంగి చూశాడు. మళ్లీ నిటారుగా కూర్చున్నాడు. సీటు అంచుదాకా ముందుకు జరిగి, వేళ్ల కొనలతో తొక్కాడు. పెడల్ సగమే దిగింది. గేరు గరగరమంది. ట్రాక్టర్ ఒక గజం ఎగిరి ఆగిపోయింది.

జనం నవ్వారు. మైకు అతను ఊరుకోలేదు. "పెద్దమనిషికి ఎడ్లబండి అలవాటున్నట్టున్నది!" అన్నాడు. ఇంకా నవ్వారు. రెండోసారీ అంతే. మూడోసారి అతని తొడ వణకడం నాకు కనబడింది.

మహేందర్ పక్కకు వచ్చాడు. "దిగు లచ్చయ్యా. పబ్లిక్ ఉన్నరు, ఇజ్జత్ పోతది. నేను తోలుత."

"ఒక్కపారి సూత్త చిన్న పటేలా."

"అరే, దిగు అంటున్న గద."

దిగాడు. మహేందర్ ఎక్కి చక్కగా మైదానం చుట్టూ తోలాడు. చప్పట్లు వచ్చాయి. లచ్చయ్య చెప్పులు వేసుకుని నా దగ్గరకు నడిచి వచ్చాడు.

"సారూ, నా కట్టె ఏది?"

"ఏ కట్టె?" అన్నాను. ఆ మాట నోటినుంచి వస్తుండగానే నాకు తెలిసింది.

"పెడల్ మీద ఉండె గద. నా కాలు కిందిదాక అందది. సిరిసిల్లకు లోడు తీస్కపోయినప్పుడు సాంచలాయన ఇరిగిన కర్ర ఇచ్చిండు. నేనే చెక్కి బిగిచ్చుకున్న."

"అది అసలు భాగం కాదు. తీసేశాం."

"అసలుది కాదా?" అతను నా ముఖంలోకి చూశాడు. "ఎన్నేండ్లు దాని మీదనే తొక్కిన గద సారూ."

నీళ్ల పంపువైపు వెళ్లాడు. కుర్చీల్లో నాలుగో వరుసలో అతని బిడ్డ సుజాత, ఇద్దరు పిల్లలు కూర్చుని ఉన్నారు. పక్కన ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. సుజాత తల వంచుకుని ఉంది.

పావుగంట తర్వాత మొదటి బహుమతి ప్రకటించారు. "ఒక్క పరాయి భాగం కూడా లేకుండా" బాగుచేసినందుకు. నన్ను వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి, మైకు ఇచ్చారు. నా చేతిలో మైకు ఉంది. నాలుగో వరుస నాకు స్పష్టంగా కనబడుతోంది. చెప్పవలసింది రెండు వాక్యాలు: ఈ మనిషి కాలుకు అందే కట్టె ఈ పెడల్ మీద ఉండేది, దాన్ని నేను తీశాను. ఆ రెండు వాక్యాలు చెబితే నా చేతిలోని బహుమతికి అర్థం లేకుండా పోతుంది. నేను అధికారులకు, దాతకు, ప్రేక్షకులకు ధన్యవాదాలు చెప్పి దిగాను.

కట్టె తీయడం తెలియక చేసిన తప్పు. అలాంటివి ముప్పై ఏళ్లలో చాలా చేశాను, వాటికి సర్దుకున్నాను. మైకు దగ్గర చేసింది తెలిసి చేసింది. ఆ రోజు పేజీలో బహుమతి సంగతి ఉంది. ఇది లేదు.

కొలత

బీర్పూర్ వెళ్లడానికి నాకు మూడు వారాలు పట్టింది. మొదటి వారం పని ఉందనుకున్నాను. రెండో వారం, వెళ్లి ఏం చెప్పాలనుకున్నాను. మూడో వారం సిరిసిల్ల వెళ్లి, పాత సాంచల సామాను అమ్మేచోట నాడెను కొట్టే కర్ర ఒకటి సంపాదించాను. కొత్త కట్టె చేద్దామని కూర్చుంటే మందం తెలియదు. ఆ ట్రాక్టర్‌లో ప్రతి బుష్‌కూ ప్రతి వాల్వుకూ కొలత రాసిన పుస్తకం నా ముందు ఉంది. కట్టెకు మాత్రం కొలత తీయలేదు. అసలుది కానిదాన్ని కొలవడమెందుకు అనుకున్నాను.

టేపు, కర్ర పట్టుకుని వెళ్లాను. లచ్చయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పసుపు తవ్వే కూలిపనికి సాయంగా వచ్చిన సుజాత కూడా ఉంది. కట్టెను నేనే మంటలో వేశానని ముందు చెప్పాను.

"బాగ కాలిందా?" అని అడిగాడు లచ్చయ్య.

"చాలాసేపు కాలింది."

"కాలుతది. మంచి కర్ర."

అతన్ని నిలబెట్టి, ఎడమ మడమ కింద పలకలు పేర్చి కొలిచాను. రెండంగుళాల మూడు నూళ్లు వచ్చింది; నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అది పుస్తకంలో రాసుకుంటుంటే అతను నవ్వాడు.

"కొలత గట్ల రాదు సారూ. సీటు మీద కూసుంటె తెలుస్తది. గా కట్టెను నేను మూడుపార్లు చెక్కిన. ఎక్కుడు, దిగుడు, చెక్కుడు."

అతన్ని సీటు మీద కూర్చోబెట్టే వీలు నాకు లేదు. ట్రాక్టర్‌ను ప్రదర్శనశాల భవనంలో శాశ్వతంగా పెట్టారు. చుట్టూ తాడు కట్టారు. ముందురోజే ఇంజనీరును అడిగాను. "బహుమతి వచ్చిన వస్తువుకు మళ్లీ కట్టె బిగిస్తామా? ఎవరినీ ఎక్కించొద్దని ఆర్డరు" అన్నాడు. ఆ ఆర్డరుకు మూలం నా పనే. ఆ సంగతీ వాళ్లిద్దరికీ చెప్పాను.

అప్పుడు సుజాత అన్నది:

"గీ మాట గా రోజు మైకుల చెప్తె అయిపోవు గద సార్. మా అత్త అక్కడ్నే ఉండె. మా ఇంటాయినె సాంచలు నడిపేటోడు, గా కర్రను సూస్తెనే గుర్తువట్టు. గిప్పుడు మీరు మా వాకిట్ల చెప్తె ఎవరింటరు?"

ఏం చేయమంటావమ్మా అని అడిగాను.

"కాయితం మీద రాసియ్యుండ్రి. మీ పేరు వెట్టి. పిల్లలకు సదివి చెప్త. మా అత్తకు గూడ సదివి ఇనిపిస్త."

నోటుబుక్కులోంచి ఒక పేజీ చించాను. నా పుస్తకాల్లో పేజీ చించడం అదే మొదటిసారి. మంచం మీద కూర్చుని ఇలా రాశాను:

"బీర్పూర్ గ్రామస్థుడు లచ్చయ్య, ఇప్పుడు జగిత్యాల ప్రదర్శనశాలలో ఉన్న నీలం ట్రాక్టర్‌ను ఇరవై రెండేళ్లు తోలినాడు. ఎడమ కాలు పొట్టి అయినందున క్లచ్ పెడల్ మీద కట్టె బిగించుకున్నాడు. ఆ కట్టె మీద అతని పాదం అరుగుదలను నా కళ్లతో చూచితిని. అది ఎందుకున్నదో కనుక్కోకుండా తొలగించినది నేను. ప్రారంభం రోజున ట్రాక్టర్ కదలకపోవుటకు కారణం నేను, లచ్చయ్య కాడు."

సుజాత పైకి చదివింది. లచ్చయ్య కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్లు తెరిచాడు.

"ఇరవై రెండు కాదు బిడ్డా, ఇరవై మూడు. ఎవరు చెప్పిండ్రు సారుకు?"

"ప్రదర్శన అయ్యాక అడిగితే మహేందర్ చెప్పాడు" అన్నాను.

"గాయినకు ఎట్లెరుక? గాయిన అప్పుడు హాస్టల్ల ఉండె. మొదటేడు పటేలే తోలుత అన్నడు. రెండు నాగండ్లు ఇరగ్గొట్టి, నెల తిరగకముందే నన్ను ఎక్కిచ్చిండు. గా ఏడు గూడ నాదే. రాసుకోండ్రి."

'రెండు' కొట్టేసి 'మూడు' అని రాశాను. దిద్దిన చోట కూడా సంతకం పెట్టాను.